వాన తోటల కాపరులు

(శతవార్షికోత్సవముల సందర్భమున జరిగిన సంఘ సభ్యుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మాకు ముందు మాటలాడినవారు మన అధ్యక్ష ఖండము యొక్క చరిత్రను, పాఠశాలలను, ఆసుపత్రులను గూర్చి ఎంతో విలువైన సంగతులు చెప్పినారు. మాకు ఇచ్చిన అంశము ‘నేటి పట్టణములలో పొరుగువాని సేవ’. అంత పెద్ద అంశమును అరగంటలో చెప్పుట మావల్ల కాదు గనుక, అందులోనుండి ఒక చిన్న పనిని మాత్రము ఏరుకొన్నాము. అమెరికా దేశములో కొన్ని పట్టణములందు సామాన్య జనులు, కూలి పుచ్చుకొనకుండ, వీధి ప్రక్కనున్న వాన తోటలను కనిపెట్టి చూచుచున్నారు. ఆ పనిని గూర్చి చెప్పదలచినాము.

దూరదేశపు సంగతి మనకెందుకని మీరు అడుగవచ్చును. మన కుటుంబముల బిడ్డలు అనేకులు ఇప్పుడు అక్కడ ఉన్నారు. సియాటిల్ నగరము చుట్టు రెడ్‌మండ్, బోథెల్ వంటి ఊళ్ళలో తెలుగు కుటుంబములు చాల ఉన్నవి. మొన్న ఒక సహోదరి ఆరాధన ముగిసిన తరువాత మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, అప్పు చేసి మావాడిని ఇంజనీరింగు చదివించి పంపితే, వాడు శనివారంపూట వీధిలో కూర్చుని కలుపు తీస్తున్నాడట. ఫోటో కూడా పంపాడు. అక్కడ పనివాళ్ళు లేరా అండీ?” అని అడిగినారు. ఆమె మాటలో కొంత నవ్వు, కొంత బాధ ఉన్నవి. కలుపు తీయుట కూలి పని. ఆ పనినుండి బిడ్డలను తప్పించుటకే మన తల్లులు ఒడలు వంచి కష్టపడినారు. ఆమె ప్రశ్న వెనుక రెండు మూడు తరముల కష్టమున్నది గనుక దానిని నవ్వి త్రోసివేయరాదు. ఆ కుర్రవాడు కలుపు తీయనిచో అక్కడ ఏమి చెడునో మొదట తెలిసికొనవలెను.

వాన నీరు శుద్ధమైనదని మనము అనుకొందుము. నేలను తాకువరకు అది చాలవరకు నిజమే. మట్టినేలమీద పడినది ఇంకిపోవును. కప్పుమీద, సిమెంటుమీద, తారురోడ్డుమీద పడినది ఇంకదు, పారును. 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల ఒక చిన్న దేవాలయపు కప్పుమీద ఒక అంగుళము వాన పడినచో 150 ఘనపుటడుగుల నీరు, అనగా రమారమి 4,250 లీటర్లు, క్రిందికి దిగును. దాని ముందు కార్లు నిలుపు స్థలమును కూడ లెక్కించినచో ఇంకను ఎన్నో రెట్లు. ఆ నీరు పోవు త్రోవలో బ్రేకులనుండి రాలిన రాగిపొడి, రేకులనుండి కరిగిన జింకు, ఇంజనులనుండి కారిన నూనె, పచ్చికకు చల్లిన ఎరువు, కుక్కల పెంట, టైర్లు అరిగి రాలిన నల్లని పొడి, అన్నిటిని కూడగట్టుకొని పోవును.

ఎక్కడికి పోవును? ఇంటిలోని మురుగునీరు గొట్టముల ద్వారా శుద్ధి చేయు కేంద్రమునకు చేరును. వీధి మూలనున్న ఇనుప జాలీలోనికి దిగిన వాన నీరు మాత్రము చాలచోట్ల ఏ కేంద్రమునకును పోదు. సరాసరి దగ్గరనున్న వాగులోనికో, చెరువులోనికో, సముద్రములోనికో పోవును. అక్కడి జనులలోనే అనేకులకు ఈ సంగతి తెలియదు. జాలీలోనికి పోయినదెల్ల ఎక్కడో శుభ్రమగునని వారి నమ్మకము. పాత పేటలలో ఇంకొక చిక్కున్నది. అక్కడ మురుగునీటికిని వాననీటికిని ఒకటే గొట్టము. పెద్ద వాన వచ్చినప్పుడు ఆ గొట్టము పట్టజాలక, రెండును కలిసి శుద్ధి కాకుండనే బయటికి పొర్లును.

దీనికి కనుగొన్న ఉపాయములలో ఒకటి వాన తోట. 1990 ప్రాంతమున మేరీలాండ్ రాష్ట్రములోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో సోమర్సెట్ అను ఇండ్ల కాలనీ కట్టుచుండగా, డిక్ బ్రింకర్ అను గృహనిర్మాణదారునికి ఒక ఆలోచన కలిగినది. వాన నీటిని నిలుపుటకు పెద్ద చెరువు త్రవ్వుటకు బదులు, ప్రతి ఇంటి స్థలములోను 300 నుండి 400 చదరపుటడుగుల పల్లపు తోట వేసినచో చాలదా అని ఆయన కౌంటీ అధికారియైన లారీ కాఫ్మన్ అను ఇంజనీరును అడిగినాడు. ఆయన సరే అన్నాడు. వీధి అంచురాళ్ళు, కాలువలు మొదలైన మామూలు ఏర్పాటుకు దాదాపు 4 లక్షల డాలర్లు కావలసియుండగా, పచ్చని పల్లములకు లక్ష డాలర్లు సరిపోయినవి. తరువాతి సంవత్సరములలో కొలిచి చూడగా మామూలు వానలకు పారిపోవు నీరు నూటికి 75 నుండి 80 పాళ్ళు తగ్గినట్లు తేలినది.

వాన తోట చూచుటకు పూలమడివలెనే ఉండును. అయితే పూలమడి నేలకంటె ఎత్తుగా ఉండును, ఇది పల్లముగా ఉండును. ఆ తేడాయే దాని ప్రాణము. వీధి అంచురాతిని ఒకచోట కోసి త్రోవ చేయుదురు. రోడ్డు నీరు ఆ త్రోవన లోనికి వచ్చి, అర అడుగో అడుగో నిలిచి, ఒకటి రెండు దినములలో ఇంకిపోవును. లోపలి మట్టి అచ్చటి మట్టి కాదు. ఇసుక, కంపోస్టు కలిపి పోసినది. నీటితో వచ్చిన పొడి ఆ మట్టిలో ఆగిపోవును. రాగి, జింకు వంటి లోహములు కంపోస్టును అంటుకొని నిలిచిపోవును. వేళ్ళ చుట్టునుండు సూక్ష్మజీవులు నూనెను తిని కరగించును. నడుమ తుంగజాతి మొక్కలు నాటుదురు. కాళ్ళు నీటిలో నున్నను చావవు, ఎండకును తట్టుకొనును. మన పొలముగట్ల మీద పీకి పారవేయు తుంగకు అక్కడ అంత గౌరవము!

ఈ తోటల వలన నిజముగా ఎంత మేలో తెలియుటకు చేపల సంగతి చెప్పవలెను. సియాటిల్ నగరము ప్యూజెట్ సౌండ్ అను సముద్రపు పాయ ఒడ్డున ఉన్నది. అక్కడ కోహో అను జాతి సాల్మన్ చేప వాగులో పుట్టి, సముద్రమునకు పోయి పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు శరత్కాలపు వానలతో మరల వాగులోనికి ఎదురెక్కి వచ్చును. మన గోదావరికి వరదనీరు వచ్చినప్పుడు పులస ఎదురెక్కి వచ్చునట్లే అనుకొనుడి. కోహో తన జీవితములో ఒక్కసారే గ్రుడ్లు పెట్టి మరణించును. ఆ ఒక్కసారి తప్పినచో ఇక లేదు.

1990 తరువాతి దశాబ్దములో సియాటిల్‌వారు చాల ధనము వెచ్చించి తమ నగరపు వాగులను బాగుచేసినారు. రాళ్ళు పేర్చి, చెట్లు నాటి, చేపలకు త్రోవ తీసినారు. చేపలు వచ్చినవి. వచ్చి, నీటిపైకి తేలి, దిక్కు తెలియక గిరగిర తిరిగి, నోళ్ళు తెరచుకొని, కొన్ని గంటలలోనే చచ్చినవి. చచ్చిన ఆడచేపలను కోసి చూడగా గ్రుడ్లు కడుపులోనే ఉన్నవి. లాంగ్‌ఫెలో క్రీక్ అను వాగులో 2002 నుండి 2009 వరకు సంవత్సరము వెంట సంవత్సరము లెక్కించినారు. ఒక్కొక్క శరత్కాలమున వచ్చిన చేపలలో నూటికి 60 మొదలుకొని 100 వరకు గ్రుడ్లు పెట్టకముందే చచ్చినవి. పట్టణమునకు దూరముగానున్న ఫోర్ట్‌సన్ అను వాగులో 2002లో లెక్కించగా అట్టి చావు నూటికి ఒకటి కూడ లేదు. రోగమా అని చూచినారు, పురుగుమందులా అని చూచినారు, వాగులో వేడి ఎక్కువైనదా అని చూచినారు. ఏదియు సరిపడలేదు. వాన పడినప్పుడే చచ్చుచున్నవని మాత్రము తెలిసినది.

అప్పుడు పరిశోధకులు ఒక తేటయైన పరీక్ష చేసినారు. రహదారి మీదినుండి పారిన వాన నీటిని పట్టి, కొన్ని చేపలను ఆ నీటిలో ఉంచినారు. ఒక్కరోజు తిరుగకముందే అన్నియు చచ్చినవి. అదే నీటిని ఇసుక, కంపోస్టు, చెట్టుబెరడు కలిపిన మట్టిగుండ, అనగా వాన తోటలో వాడునట్టి మట్టిగుండ, దింపి ఆ నీటిలో వేరు చేపలను ఉంచినారు. అన్నియు బ్రతికినవి. ఈ ఫలితమును 2015లో ప్రకటించినారు. చేపలను చంపునది ఏ పదార్థమో అప్పటికింకను ఎవరికిని తెలియదు. 2020 డిసెంబరులో గాని అది బయటపడలేదు. టైర్లు పగుళ్ళు పట్టకుండ రబ్బరులో 6పీపీడీ అను రసాయనమును కలుపుదురు. అది గాలిలోని ఓజోనుతో కలిసి 6పీపీడీ-క్వినోన్ అను విషముగా మారును. టైరు అరిగిన కొలది ఆ పొడి రోడ్డుమీద పేరుకొని, వానతో వాగులో పడును. మందు ముందు దొరికినది, రోగము పేరు తరువాత తెలిసినది. లోకములో కొన్ని మేళ్ళు ఈ వరుసలోనే వచ్చునేమో.

ఇంత గొప్ప మట్టి ఉన్నప్పుడు, దానిని పోసి వదలివేసినచో చాలదా? చాలదు. మేము చెప్పదలచినదంతయు ఇక్కడనే ఉన్నది.

వాన తోట ఒక జల్లెడ వంటిది. జల్లెడ పట్టిన కొలది పైన చెత్త మిగులును. దానిని దులుపనిచో పిండి దిగదు. రోడ్డునుండి నీరు లోనికి వచ్చు త్రోవయొద్ద మొట్టమొదట బురద మేట వేయును. రెండు మూడు వానలకు ఒక అంగుళము మందమున గట్టు కట్టును. దానిమీద ఎండుటాకులు, ప్లాస్టిక్ సంచులు, సిగరెట్టు పీకలు అడ్డుపడును. ఒక్క అంగుళము గట్టు చాలును. ఇక నీరు ఆ త్రోవను దాటి ప్రక్కనుండి సాగి జాలీలో పడును, జాలీలోనుండి వాగులో పడును. తోట మాత్రము పచ్చగానే కనబడును. త్రోవన పోవువారు “ఎంత బాగుగా ఉన్నది” అని పోవుదురు. లోనికి ఒక్క చుక్క నీరు రాదు. లక్షలు పోసి కట్టిన పని ఒక అంగుళము బురదకు ఓడిపోవును.

ఆ గట్టును ఎత్తుటకు ఇంజనీరు అక్కరలేదు, యంత్రము అక్కరలేదు. ఒక చిన్న పార, ఒక బకెట్టు, పావుగంట కాలము కావలెను. అయితే పట్టణములో ఇట్టి తోటలు వందలు, వేలు ఉన్నప్పుడు, ప్రతి వానకు ముందు ప్రతి త్రోవయొద్దకు నగర ఉద్యోగి వచ్చుట అసాధ్యము. ఆ వీధిలో నివసించువాడు రోజూ చూచుచుండును. అందుచేతనే పోర్ట్‌లండ్ నగరములో గ్రీన్ స్ట్రీట్ స్టూవర్డ్స్ అను ఏర్పాటు వచ్చినది. ఆ నగరములో 2003లో సిస్కియూ అను వీధిలో అంచురాతిని ముందుకు జరిపి, రోడ్డులో కొంత భాగమునే తోటగా మార్చినారు. తరువాత అట్టివి అనేక వీధులలో వెలసినవి. ఇష్టమున్నవారు తమ ఇంటి దగ్గరనున్న తోటను తమదిగా చూచుకొందుమని నగరమునకు తెలిపి, చెత్త ఏరుట, ఆకులు తీయుట, కలుపు పీకుట, వేసవిలో నీళ్ళు పోయుట చేయుదురు. పెద్ద మరమ్మతులు నగరమువే.

ఈ పనిలో కొన్ని మర్మములున్నవి. రైతుబిడ్డలకు వెంటనే అర్థమగును. తడిమట్టిని త్రొక్కకూడదు, త్రొక్కినచో గట్టిపడి నీరు ఇంకదు. గట్టున నిలిచి చేయి చాపి పని చేయవలెను. ఎరువు వేయకూడదు, నీటిలో కలిసిన ఎరువును ఆపుటకు గదా ఆ తోట! కలుపును మందు కొట్టి చంపకూడదు, వేరుతో పీకవలెను. నేలమీద చెక్కపొట్టు రెండు మూడు అంగుళములు పరచి, తగ్గినప్పుడు మరల వేయవలెను. తేలిపోవు తేలికపాటి బెరడు వేసినచో అది నీటితో కొట్టుకొనిపోయి బయటి త్రోవను మూసివేయును. చేతికి తొడుగులు లేనిదే ఆకుల క్రింద చేయి పెట్టకూడదు. గాజుపెంకులు, సూదులు ఉండవచ్చును. కార్లు పోవు వైపున నిలువకూడదు, కొట్టవచ్చినట్లు కనబడు రంగుచొక్కా తొడుగుకొనవలెను. క్రొత్తగా నాటిన మొక్కలకు మొదటి రెండు మూడు వేసవులు నీళ్ళు పోయక తప్పదు. సియాటిల్ అనగా ఎప్పుడును వానయే అని మనము విందుము గాని, జూలై ఆగస్టు మాసములు అక్కడ బాగుగా ఎండిపోవును. సంవత్సరము మొత్తము మీద పడు వాన కూడ మన ఆంధ్రప్రదేశ్ సగటుకు ఇంచుమించు సమానమే. మనకు కుంభవృష్టిగా వచ్చునది వారికి దాదాపు 150 రోజుల తుంపరగా వచ్చును.

కలుపులో అక్కడివారిని మిక్కిలి విసిగించునది ఒక ముండ్లతీగ. దానిని హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అందురు. పేరు విని మన దేశమునుండి పోయినదని సిగ్గుపడనక్కరలేదు. అది ఆర్మేనియా ప్రాంతపు మొక్క. ఒక చిన్న కొమ్మ నేలకు వంగి తాకినచోటనే వేరు పట్టును. రెండు ఏండ్లు వదలివేసినచో తుంగ కనబడదు, తోట కనబడదు, ముండ్లపొద మాత్రము మిగులును. దాని నీడలో నాటిన మొక్కలు చచ్చును, చెత్త దాగును. అప్పుడు ఇరుగుపొరుగువారు ఈ దిబ్బను తీసివేయుడని నగరమునకు అర్జీలు వ్రాయుదురు.

మినిసోటా రాష్ట్రములో బర్న్స్‌విల్ అను ఊరిలో జరిగినది చెప్పెదము. అక్కడ క్రిస్టల్ లేక్ అను చెరువులోనికి వీధుల నీరు పోయి చెరువు చెడిపోవుచుండెను. 2003లో ఒక పేటలో ఇండ్ల ముందు 17 వాన తోటలు వేసి, అట్టిదే మరియొక పేటను ఏమియు చేయక వదలి, రెండిటి నీటిని కొలిచినారు. తోటలున్న పేటనుండి పారు నీరు నూటికి రమారమి 90 పాళ్ళు తగ్గినది. ఆ తోటలు ఆయా ఇండ్లవారి వాకిటనే ఉన్నవి గనుక వారే చూచుకొనిరి. ప్యూజెట్ సౌండ్ ప్రాంతములో 2011లో 12,000 వాన తోటలు వేయవలెనని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయపు విస్తరణ శాఖవారు, స్టూవర్డ్‌షిప్ పార్ట్‌నర్స్ అను సంస్థవారు కలిసి పూనుకొనిరి. పెద్ద లెక్క వినుటకు బాగుగనే ఉండును. మా దృష్టిలో మాత్రము వేసిన తోటల లెక్కకంటె, అయిదేండ్ల తరువాత నీరు ఇంకుచున్న తోటల లెక్క ముఖ్యము.

ఆరంభశూరత్వము ఆంధ్రుల లక్షణమని మనలను మనమే నిందించుకొందుము. ఈ విషయములో అమెరికావారును మనకు తీసిపోరు. మొక్కలు నాటు దినమున జనులు తిరునాళ్ళవలె వత్తురు. పిల్లలు వత్తురు, పత్రికలవారు వత్తురు, నగరాధ్యక్షుడు కూడ ఒక మొక్క నాటి ఫోటో తీయించుకొనును. ఆరు నెలల తరువాత చలిలో బురద ఎత్తు దినమున వచ్చువారు నలుగురు. ఆ నలుగురి మీదనే తోట నిలుచును. ఆదికాండము రెండవ అధ్యాయములో నరునికి తోటనిచ్చినప్పుడు అప్పగింపబడిన పనులు రెండు: సేద్యము, కావలి. మొదటి పనికి మనుష్యులు దొరుకుదురు, రెండవదానికి వెదకవలెను. మేము వేదాంత కళాశాలలో కోతపండుగ ప్రసంగము చేయుట నేర్చుకొన్నాము గాని, కోతకు ముందు నెలల కావలిని గూర్చి ఎవరును ప్రసంగము వ్రాయమనలేదు.

ఈ తోటలన్నియు విజయములే అని మేము చెప్పము. సియాటిల్ నగరములోనే బల్లార్డ్ అను పేటలో 2010లో వీధి ప్రక్కల వాన తోటలు వేసినారు. వాటిలో కొన్నిటిలో నీరు ఇంకలేదు. అడుగున ఇంకనీయని నేల ఉన్నచోట ఎంత మంచి మట్టి పోసినను అది తొట్టెయే. చలికాలమంతయు గుంటలు నిండియుండగా, పిల్లలు పడుదురని, దోమలు పుట్టునని అక్కడివారు కోపించినారు. ఆ కోపము న్యాయమైనదే. చివరకు కొన్నిటిని పూడ్చినారు, కొన్నిటికి అడుగున గొట్టములు వేసి మార్చినారు. గ్రుడ్డునుండి దోమ లేచుటకు దాదాపు వారము పట్టును. రెండు దినములలో ఇంకిన తోటలో దోమ పుట్టదు, ఇంకని గుంటలో పుట్టును. కాబట్టి త్రవ్వకముందే ఆ నేలలో ఒక గుంట తీసి నీరు పోసి ఎంతసేపటికి ఇంకునో చూడవలెను. ఇంకొక సంగతి కూడ చెప్పుట న్యాయము. క్రొత్త తోటలోని కంపోస్టునుండి మొదటి నెలలలో భాస్వరము, నత్రజని కొంత బయటికి పోవును. అందుచేత చెరువు ప్రక్కన కంపోస్టు మితముగా వేయవలెను.

దేవాలయములకు ఇందులో ఏమి పని అందురా? చాల ఉన్నది. అమెరికాలో ఆలయములకు పెద్ద కప్పులు, అంతకంటె పెద్ద కార్ల స్థలములు ఉండును. వారమునకు ఒక పూట నిండి, మిగిలిన దినములు ఖాళీగానుండి, ప్రతి వానకు మురికినీరు పంపుచుండును. 2012లో మేరీలాండ్ శాసనసభ పెద్ద కౌంటీలు ఇంకని స్థలమును బట్టి రుసుము వసూలు చేయవలెనని చట్టము చేసినప్పుడు, గిట్టనివారు దానికి ‘వాన పన్ను’ అని పేరు పెట్టినారు. తప్పనిసరి అను నియమమును 2015లో తొలగించినారు. ఆ రోజులలో ప్రిన్స్ జార్జెస్ కౌంటీవారు ఆలయములకు ఒక మార్గము చూపినారు. తమ స్థలములో వాన తోటల వంటివి వేయనిచ్చి, సభ్యులకు ఈ సంగతి బోధించినచో రుసుములో తగ్గింపు. బోధ మాట వచ్చుటతో, ప్రభుత్వము ప్రసంగపీఠమును కొనుచున్నదని కొందరు ఆక్షేపించినారు. మా అభిప్రాయము అడిగినచో, పన్ను తగ్గుదలకై ప్రసంగము చేయుట మాకును రుచించదు. అయితే తన కప్పునుండి పోవు నీరు ఎవరి వాగులో పడునో సంఘము తెలిసికొనుటకు ప్రభుత్వము రావలసివచ్చినదే అని ఆ సంఘములవారు ఆలోచించియుందురు.

ఇక్కడ మన ఆలయ ప్రాంగణములలో వేయవచ్చునా అని యౌవనస్థులు అడుగుచున్నారు. ఉన్నదున్నట్లు ఎత్తుకొనివచ్చుట కుదరదు. నల్లరేగడి నేల తడిసి ఉబ్బి నీటిని ఇంకనీయదు. అక్కడ వేసినచో బల్లార్డ్ గుంటయే అగును. తుంపరకు లెక్కకట్టిన తోట మన జడివానకు నిమిషములలో నిండును. ఎఱ్ఱనేల ఉన్నచోట, ముందు గుంట తీసి పరీక్షించి, పెద్ద వానకు నీరు పొర్లిపోవు త్రోవ విడిచి ప్రయత్నించవచ్చును. అంతకంటె ముందు, సంఘ పెద్దలకు మా మనవి: ప్రాంగణమంతయు సిమెంటు బిళ్ళలు పరచుటకు తీర్మానించునప్పుడు, చెట్ల చుట్టు కొంత మట్టినైన విడువుడి.

ఇక ఒక గట్టి ఆక్షేపణ మిగిలినది. టైరులో విషము కలిపినవాడు ఒకడు, కారు నడుపువాడు ఒకడు, శనివారము మోకాళ్ళమీద కూర్చుండి బురద ఎత్తువాడు ఇంకొకడు. ఇది న్యాయమా? ఈ ప్రశ్నను తప్పించుకొనరాదు. జీతమిచ్చి చేయించవలసిన పనిని ఉచిత సేవ పేరిట పేదలమీదికి త్రోయుట మనము ఎరుగనిది కాదు. పెద్ద తోటల భారము, లోతైన మరమ్మతులు నగరమే జీతగాండ్రను పెట్టి చూడవలెను. సేవకుల చేతులను చూపి ఆ ఖర్చు తగ్గించుకొనినచో అది తప్పు. టైర్ల విషయములో కూడ జనులు ఊరకుండలేదు. 2023లో యూరోక్, పోర్ట్ గాంబుల్ స్క్లాలమ్, పుయాలప్ అను మూడు ఆదిమజాతులవారు, సాల్మన్ చేప తమ జీవనాధారమని, టైర్లలో 6పీపీడీని నిషేధించవలెనని కేంద్ర పర్యావరణ సంస్థకు అర్జీ పెట్టినారు. ఆ సంవత్సరము నవంబరులో ఆ సంస్థ అర్జీని అంగీకరించి విచారణకు పూనుకొనినది. కాలిఫోర్నియా రాష్ట్రము కూడ టైర్ల తయారీదారులు దానికి బదులు వెదకవలెనని అదే సంవత్సరము నియమము చేసినది. అయితే బదులు రసాయనము దొరకి, పరీక్ష తేలి, రోడ్లమీది టైర్లన్నియు మారుటకు ఏండ్లు పట్టును. మూడేండ్ల బ్రతుకు గల చేప అంతకాలము ఆగలేదు. అర్జీ వ్రాయువారును కావలెను, బురద ఎత్తువారును కావలెను. ఒకరి పని రెండవవారి పనికి బదులు కాదు.

బిడ్డలు ఆ ప్రాంతములో ఉన్నవారు ఈసారి ఫోనులో మాటలాడునప్పుడు ఒక సంగతి చెప్పుడి. వేసవియంతయు వాన లేక రోడ్లమీద టైరుపొడి పేరుకొనియుండును. అక్టోబరులో వచ్చు మొదటి పెద్ద వాన దానినంతయు ఒక్కసారిగా కడిగి తెచ్చును. కోహో చేపలు వాగు ఎక్కునది సరిగా ఆ వానకే. ఆకులు రాలునది కూడ అప్పుడే. కావున సెప్టెంబరు చివరి శనివారములలోనే త్రోవలయొద్ద బురద ఎత్తివేయవలెను. నవంబరు వరకు వారమున కొకసారి ఆకులు తీయుచుండవలెను. వీధి జాలీమీది ఆకులను తోటలోనికి ఊడ్వక సంచిలో నింపి నగరపు బండికి ఇయ్యవలెను. చేతి తొడుగులు తమవి తెచ్చుకొనుట మంచిది. పార, బకెట్టు అక్కడివారు ఇత్తురు.